మామ వెనక కూర్చున్న కార్తీకం

పోయిన నెల చిత్తూరులో నా కుడికంటికి పొర తీశారు. పావుగంట పని. కట్టు విప్పిన డాక్టరమ్మ మూడు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగింది, చెప్పాను. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఎన్నాళ్ళుగా మసకగా ఉంది అమ్మా?" అంది. ఆరు నెలలని చెప్పాను. అది అబద్ధం. రెండేళ్ళుగా నేను పేపరు అక్షరాలతో కాకుండా అంచనాతో చదువుతున్నాను. ఎదురుగా వచ్చేవాళ్ళను నడకను బట్టి, దగ్గును బట్టి పోల్చుకుంటున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని మా కోడలు ఆటోలో తిరిగొస్తూ దారంతా అడిగింది.  నాకంటే ముందు అదే పని చేసిన మనిషి ఒకాయన గుర్తొచ్చాడు. మా మామ చెంగప్ప. ఇన్నేళ్ళు ఎన్నో రాశాను గానీ ఆయన గురించి రాయలేదు. రాయాలని కూర్చున్న ప్రతిసారీ ఒకచోట ఆగిపోయేదాన్ని, ఆ చోట నేనేం చేశానో నాకే తెలియక.

ఆయన మా అమ్మకు తమ్ముడు. పదిహేడేళ్ళకు ఆయన కొడుకునే చేసుకుని ఆ ఇంటికి వచ్చాను గనక, మామ అనే పిలుపు పెళ్ళితో కొత్తగా రాలేదు. పలమనేరుకు నాలుగైదు మైళ్ళు లోపలికి, కొండల అడుగున ఊరు. ఇంటి వెనక రాగి చేను, చేను చివర ముళ్ళకంచె, కంచె దాటితే అడవి. మా ఆయన చిత్తూరు కోర్టులో కాయితాలు నకలు రాసే పనిలో ఉండేవాడు, ఇంకా ఖాయం కాలేదు. పదిహేను రోజులకొకసారి బొగ్గు బస్సులో వచ్చేవాడు. యుద్ధం రోజులవి. పెట్రోలు లేక బస్సు వెనక బొగ్గు కుంపటి కట్టి నడిపేవారు. ఎత్తు ఎక్కలేక అది ఆగితే జనం దిగి తోసేవారు. ఆయన దిగేసరికి చొక్కా మీద మసి, ముఖం మీద మసి. అత్త మునెమ్మ ముందు నీళ్ళు తోడిపెట్టి, ఆ తర్వాతే కొడుకును పలకరించేది.

ఆ ఇంట్లో ఆయుధపూజ నుంచి రాగి కోతల దాకా వేట కాలం. పూజనాడు తుపాకికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండ వేసేవారు. అది నోట్లోంచి మందు కూరి కాల్చే ఒంటి గొట్టపు తుపాకి. చేను కాపలాకని లైసెన్సు ఇచ్చారు. ఆ రోజు నుంచి ఇంటి వాసనే మారిపోయేది. మామ వక్కాకు మానేసేవాడు, పొగాకు ముట్టడు, తలకు సీకాయ కూడా రుద్దుకోడు. మృగానికి మనిషి వాసన ముందు తగులుతుంది, మన సోకుల వాసన ఇంకా ముందు తగులుతుంది అనేవాడు. పంచెలు ఉత్త నీళ్ళలో జాడించి, చేనిగట్టున తంగేడు కంప మీద ఆరేయాలి. ఆయన బయల్దేరేటప్పుడు యాడికి అని ఎవరూ అడగకూడదు. అత్త అటు తిరిగి నిలబడి ఏదో ఒక పని చేస్తున్నట్టు నటించేది, చేతిలో పని లేకపోతే చాటలో ఉత్త ఊక చెరిగేది. కొబ్బరినూనె గుడ్డతో తుడిచిన ఇనుము వాసన, తుపాకి మందు వాసన, ఉప్పు పసుపు పట్టించి పొయ్యి మీద దండేనికి వేలాడేసిన ఉప్పుకండల వాసన, ఇవన్నీ కలిసి మా పక్కబట్టల్లోకి కూడా ఎక్కేవి. పుట్టింటికి పోతే మా అమ్మ నా తల వాసన చూసి, తమ్ముడింట్లో వేట పడిందే అనేది.

మామకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. కొండల్లోంచి చేనుకు వచ్చేవి రెండు రకాలు. చుక్కలున్న దుప్పి, దానికంటే రెండింతలుండే నల్లటి కణితి. ఏదైనా సరే, కొమ్ములున్న మగదాన్నే కొట్టాలి. ఆడదాన్ని కొట్టిన తుపాకి మరి పనికిరాదని ఆయన నమ్మకం. పడిన వేటలో ఊరందరికీ వాటాలు పంచేవాడు. కార్జం మాత్రం కొట్టినవాడిది. దాన్ని నిప్పుల మీద కాల్చి, ఉప్పు చల్లి, ఆయనే తినేవాడు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, పూజ అయిన వారంలోనే ఆయన గురి రెండుసార్లు తప్పింది. మందు తడిసిందని ఒకసారి, గాలి తిరిగిందని ఇంకోసారి చెప్పాడు. యుద్ధం వల్ల మందు దొరకడమే కష్టంగా ఉండేది. మా ఆయన ఎవరినో బతిమాలి తెచ్చిన చిన్న డబ్బాలో ఇంక మూడు దెబ్బలకు సరిపడా మిగిలింది. మృగాలు రాత్రికి రాత్రి చేనులో మళ్ళు మళ్ళు మేసి పోతున్నాయి. ఆ ఏడు బియ్యం కంట్రోలు. ఆ రాగులే మాకు ఏడాది తిండి.

ఒక మధ్యాహ్నం మామ అరుగు మీద కూర్చుని ఉంటే మజ్జిగ చెంబు తెచ్చి పక్కన పెట్టాను. ఆయన చెయ్యి చాచాడు. చెంబుకు రెండు జానల అవతల అరిచెయ్యి నేలను తడుముతోంది. అంతకు రెండు రోజుల ముందు ఆయన వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీదుగా నడిచిపోతే అత్త తిట్టింది. అది గుర్తొచ్చి, చప్పుడు కాకుండా చెంబును ఆ చేతి కిందికి జరిపాను. చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు జరిపినావా?" అన్నాడు.

"ఊఁ."

ఆయన మజ్జిగ తాగలేదు. చెంబు పట్టుకుని అట్లే కూర్చున్నాడు. "ఎన్నాళ్ళుగా సూస్తా ఉండావు?"

"మిరపకాయల కాణ్ణుంచి."

"అంతా తెల్లగా పొగ మాదిరి ఉండాది పాపా. మనిషి ఉండాడని తెలస్తాది, ఎవురో తెలీదు." చెంబు కింద పెట్టి, "మీ అత్తకు సెప్పొద్దు. నీ మొగుడికీ సెప్పొద్దు. తెలిస్తే తుపాకి తీసకపొయ్యి తాలూకా కచ్చేరీలో పెడతాడు. అది ఇంట్లో లేకపోతే నేను కోళ్ళను తోలుకుంటా కూసోవాల" అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను. జాలిపడి ఇచ్చానా, అంత పెద్దమనిషి రహస్యం నాకొక్కదానికే దొరికిందన్న గర్వంతో ఇచ్చానా, ఇప్పటికీ తేల్చుకోలేను. పద్దెనిమిదేళ్ళ పిల్లను. మొగుడు ఊళ్ళో లేడు. రుబ్బడం, దంచడం, పేడ ఎత్తడం తప్ప నాకంటూ ఒక పని లేని ఇంట్లో, అది నాదైన పనిలాగా కనిపించి ఉండొచ్చు.

అత్తకు మోకాళ్ళ నొప్పులు. మామ రాత్రంతా కాపలా ఉండే మంచె దగ్గరికి తెల్లవారకముందే అంబలి తీసుకుపోవడం ఎట్లాగూ నా వంతే. మూడో రోజు, అంబలి కుండ కింద పెట్టి తిరిగి రాబోతుంటే మామ పైనుంచి, "ఎక్కి నా వెనకాల కూసో" అన్నాడు. నేను కదల్లేదు. మామ ఎదుట గట్టిగా నిలబడి మాట్లాడటమే తప్పు అనుకునే కాలం. "నీ కండ్లు కావాల. సిగ్గుపడేదానికి ఇది పెండ్లిపందిలి గాదు, ఎక్కు" అన్నాడు. ఎక్కాను.

ఆయన ఉపాయం సులువైనదే. కంచెలో ఒకచోట గండి ఉంది, మృగాలు అందులోంచే దిగుతాయి. మంచె మీద కట్టిన పంగలకర్రలో తుపాకిని ఆ గండి కేసి సరిచేసి పెట్టుకునేవాడు. మృగం గండిలో నిలబడినప్పుడు నేను ఆయన భుజం మీదుగా గొట్టం వెంబడి చూడాలి. ఎడమకు జరగాలంటే ఎడమ భుజం మీద ఒక వేలు, కుడికైతే కుడి భుజం మీద, సరిగ్గా ఉంటే వీపు నడుమ అరిచెయ్యి. అంతకుముందు ఆయన గోరు కూడా తగిలి ఎరగను. ఆ చలిలో గొంగళి కింద ఆయన ఎముకలు ముసలి ఎద్దు మూపురం మాదిరిగా గట్టిగా, వెచ్చగా ఉండేవి.

మొదటి పొద్దు ఏమీ రాలేదు. రెండో పొద్దు మంచు ఇంకా చేను మీదే ఉండగా కణితి దిగింది. పెద్ద కొమ్ములు. ముందు కాళ్ళు గండిలో పెట్టి చాలాసేపు నిలబడింది.  "కొమ్ములుండాయా?" అన్నాడు మామ, పెదవులు కదలకుండా. "ఉండాయి" అన్నాను. కుడి భుజం మీద వేలు పెట్టాను, గొట్టం రవ్వంత కదిలింది. వీపు నడుమ అరిచెయ్యి పెట్టాను. తుపాకి పేలిన చప్పుడుకు మంచె ఊగింది, పొగలో నాకూ ఏమీ కనిపించలేదు. పొగ విడిపోయేసరికి అది రాగిలో పక్కకు ఒరిగి ఉంది.

ఊరంతా వచ్చింది. చెంగప్ప గురి ఎక్కడికీ పోలేదన్నారు. ఆ పూట మామ నిప్పుల మీద కార్జం కాల్చి, తీసుకొచ్చి నా గిన్నెలో పెట్టాడు. అత్త సంగటి కెలికే తెడ్డు ఆపి చూసింది. "పిల్ల సిక్కిపోయి ఉండాది, తిననీ" అన్నాడాయన. తిన్నాను. రుచిగా ఉంది. ఇంకో ముక్క ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. మర్నాడు పెరట్లో ఆరేసిన చర్మానికి ఉన్న చెవిని చూసి, ఎందుకో తెలియకుండా ఏడ్చాను. ఏడుస్తూనే, ఇంకోసారి ఎప్పుడు పిలుస్తాడా అని ఎదురు చూశాను. వారం తిరిగేలోపు ఒక దుప్పి పడింది, అదీ నా చేతి కిందే. మామ నడకలో పాత బిగువు వచ్చింది. కంచె కట్టే ఆసామి ఒకడు, "నీ కండ్లకు వయసు రాలేదప్పా" అంటే నవ్వి ఊరుకున్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అంతలో మా ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు తమ ఆఫీసు పెద్దగుమాస్తాను ఇంటికి తీసుకొస్తున్నాడట. ఆయనకు కణితి మాంసమంటే ప్రాణమట, నాయనకు చెప్పి ఎట్లాగైనా చూడమన్నాడు. ఉద్యోగం ఖాయం చేసే కాయితం ఆ పెద్దమనిషి చేతి మీదుగానే పోవాలి. కార్డును మామకు చదివి వినిపించాను. "మందు ఒక దెబ్బకే ఉండాది" అన్నాడాయన. "దేవుడుండాడు" అని కూడా అన్నాడు.

శనివారం పొద్దున ఏదీ రాలేదు. ఆదివారం మంచు ఎంత దట్టంగా ఉందంటే, మంచె మీది నుంచి కంచె ఒక నల్లగీత మాదిరిగా మాత్రమే కనిపించింది. తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. చాలాసేపటికి గండిలో ఏదో నిండినట్టయింది. పెద్దది, నల్లటిది, కణితే. తల కంచె మీది ఎండుకంపల్లో ఉంది. తల మీద కొమ్మల్లాంటివి ఉన్నాయి. అవి దానివో, కంపవో. నేను కళ్ళు చిట్లించాను. ఒకసారి కొమ్ములే అనిపించింది, ఒకసారి కంపే అనిపించింది.

"కొమ్ములుండాయా?" అన్నాడు మామ.

అది తల తిప్పబోతోంది. మధ్యాహ్నం బస్సు గుర్తొచ్చింది. మా ఆయన మసి ముఖం గుర్తొచ్చింది.

"ఉండాయి" అన్నాను.

మామ వెంటనే కాల్చలేదు. ఇది నాకు బాగా గుర్తు. ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఆగాడు. అప్పుడు నేను అరిచెయ్యి తీసేసి ఉండొచ్చు. తీయలేదు. ఆయన కాల్చాడు.

దిగి పోయాము. నేను నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాను, నాకు అక్కణ్ణుంచే కనిపిస్తోంది. మామ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో దాని తల తడిమాడు. నుదురు, చెవులు, మళ్ళీ నుదురు. తర్వాత చెయ్యి పొట్ట కిందికి పోయింది. తీసి వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకున్నాడు. పాలు.  పంచె అంచుకు తుడుచుకున్నాడు.

అప్పుడే కంచె అవతల నుంచి సన్నగా ఒక పిలుపు వినిపించింది. గండిలో పిల్ల నిలబడి ఉంది, మా మేకపిల్లంత ఎత్తు. తల్లి కేసి చూస్తోంది, మా కేసి చూస్తోంది.

"ఆడ ఏమన్నా ఉండాదా?" అన్నాడు మామ.

"ఏం లేదు మామా."

మొదటి మాట అబద్ధమో కాదో నాకు తెలియదు. ఈ రెండోది మాత్రం అబద్ధమే.

"నువ్వు ఇంటికి పో. ఈడ నువ్వు లేవు. అంబలి పెట్టి అప్పుడే వచ్చేసినావు" అన్నాడాయన. ఆ పొద్దే కూలివాళ్ళను పిలిచి చేనుగట్టున గుంట తవ్వించి దాన్ని పూడ్పించాడు. ఇంత మాంసం మట్టిపాలు చేస్తావా అని అత్త కొంగు నడుముకు చుట్టుకుని పోట్లాడింది. ఆయన వినలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి మా ఆయన, ఆ పెద్దగుమాస్తా వచ్చారు. అరుగు మీద చాప వేశాము. చప్పుడు విన్నామే, వాటాలేవి అంటూ ఊరివాళ్ళు కొందరు అప్పటికే చేరి ఉన్నారు. ఊరి మునసబు కూడా వచ్చి కూర్చున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను. మామ లోపలికి వచ్చి, గోడ తడుముకుంటూ తుపాకి దింపి, బయటికి తీసుకెళ్ళాడు. ఆ రోజు తడుముకోవడం దాచలేదు. తుపాకిని మునసబు ముందర పెట్టాడు.

"దీన్ని కచ్చేరీలో అప్పజెప్పు అప్పా. నాకు కండ్లు కనపడవు. ఏడాదిపైనే అయింది. ఈ పొద్దు కొమ్ములుండేదీ లేనిదీ తెలీక పాలిచ్చేదాన్ని కొట్టినా. పూడ్పిచ్చేసినా" అన్నాడు.

 పెద్దగుమాస్తా ఉత్తరీయం సర్దుకున్నాడు. మా ఆయన ముఖం మసి కింద ఎర్రబడింది. "మరి ముందర రెండు మగవాటిని ఎట్ల కొడితివి నాయనా?" అన్నాడు.

 తలుపు సందులోంచి మామ వీపు మాత్రమే కనిపిస్తోంది, నేను అరిచెయ్యి పెట్టిన చోటు.

"తగిలినాయి. గుడ్డిదెబ్బ. అంతే" అన్నాడాయన.

ఆ మాటతో నన్ను కాపాడాడు. కోడలిని మంచె ఎక్కించుకున్నాడని, ఆ పిల్ల మాట విని కాల్చాడని రేపు ఎవరూ అనడానికి లేకుండా చేశాడు. ప్రాణంగా దాచుకున్న సంగతిని పదిమందిలో బయట పెట్టుకున్నాడు. అది అర్థమై నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ రెండింటినీ కూడా గుడ్డిదెబ్బ అన్నందుకు నొప్పి కలిగింది. అవి గుడ్డివి కావని, నేను చూశానని బయటికి వచ్చి చెప్పాలనిపించింది. చెప్పలేదు. వచ్చినవాళ్ళకు వంకాయ కూర, ఉలవచారు వడ్డించాను. ఉద్యోగం మరుసటి ఏడు ఖాయమైంది, ఆ భోజనం వల్ల కాదు.  ఆ సాయంత్రం అత్త పొయ్యి ముందు కూర్చుని, "ఇంగ ఆయన్ని నువ్వే సెయ్యి పట్టుకుని తిప్పాల మేయ్" అంది. ఎంత తెలిసి అన్నదో నాకు తెలియదు.

తొమ్మిదేళ్ళు తిప్పాను. కంటికి వేలూరు పోదామంటే ఆయన రాలేదు. ఇప్పుడు నాకు పావుగంటలో తీసేసిన పొరే ఆయనకూ ఉండేది. ఇప్పుడు ఆ రాగి చేలన్నీ మామిడితోటలయ్యాయి. వేట నేరమైంది, అది మంచికే. కొండల్లోంచి ఏనుగులు దిగుతున్నాయంటారు గానీ కణితి దిగిందని విని ఎన్నాళ్ళయిందో. తిరుపతి జూలో పిల్లలు కమ్మీల్లోంచి ఆకులు అందిస్తుంటే అవి చేతిలోంచే తింటున్నాయి. మా మనవరాలు నన్ను కూడా పెట్టమంది. నేను పెట్టలేదు. నీకు భయమా అవ్వా అంది. భయం కాదని చెప్పగలిగాను గానీ, ఏమిటో చెప్పలేకపోయాను. ఆ ఇంట్లో ఆకలి ఉండేది, మాట నిలబెట్టుకోవడం ఉండేది, చెప్పకుండా మింగేయడం కూడా ఉండేది. మా పిల్లలు అన్నీ మొహం మీద అనేస్తారు, మర్నాటికి మరిచిపోతారు. ఏది మేలో తూచడానికి కూర్చుంటే ఒక్కో రోజు ఒక్కో పక్కకు మొగ్గుతుంది.

మామ పోయే ముందు ఏడు, చెనక్కాయలు పెరికే కాలంలో, ఆయన కర్ర కొన నేను పట్టుకుని చేనుగట్టు మీద నడిపిస్తున్నాను. ఉన్నట్టుండి ఆగాడు. అంతవరకు ఆ సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా రాలేదు.

"ఆ పొద్దు నీకు నిజింగా కొమ్ములు కనపడినాయా పాపా?" అన్నాడు.

 ఆయనకు అబద్ధం చెప్పకూడదనుకున్నాను. "తెలీదు మామా" అన్నాను. "కనపడినట్టే ఉండింది. కనపడాలని కూడా ఉండింది."

ఆయన తలూపాడు. "అది దిగేటప్పుడు అడుగు సప్పుడు ఇన్యా నేను. మగదాని అడుగు అంత తేలిగ్గా ఉండదు. ఆడదేమో అనుకున్యా. నువ్వు ఉండాయంటివి. నీ మాట నమ్మి కాల్సినానో, కాల్సాలని ఉండి నీ మాట నమ్మినానో." ఆగి, "పిల్ల అరిసింది గూడా ఇన్యాలే" అన్నాడు.

నేను కర్ర కొన వదిలి, మొదటిసారి ఆయన చెయ్యి పట్టుకున్నాను.  చేనులో ఆడవాళ్ళు చెనక్కాయలు పెరుకుతూ, చెట్టు చెట్టుకూ మట్టి దులుపుతున్నారు. తర్వాత ఆయన, "పద, ఎండెక్కతా ఉండాది" అన్నాడు. గట్టు ఎగుడుదిగుడుగా ఉందని చెప్పి, నేను ముందు నడిచాను.